పాత పుస్తకాల బీరువా కొనే ముందు... మీకు తెలుసా?

పలాస, టెక్కలి, మందస, సోంపేట, కవిటి వైపు ఇంట్లో పుస్తకాలున్నవాళ్ళకి మూడు బెడదలు. సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలి, ఏడాదిలో చాలా నెలలు వదలని చెమ్మ, ఎక్కడినుంచైనా దారి చేసుకుని వచ్చే చెద. అందుకని ఈ తీరంలో పాత బీరువా చూడటానికి వెళ్ళినవాళ్ళు దాని నగిషీ ఎలా ఉందో తర్వాత చూసుకోవచ్చు. ముందు అది ఏ చెక్కో అడగాలి. ఓక్, వాల్‌నట్, మహాగని అంటూ సలహాలిచ్చే పుస్తకాలు చలిదేశాల ఇళ్ళ కోసం రాసినవి. మన ఇళ్ళలో నిలిచే చెక్క వేరు. అది ఇక్కడికి చేరిన దారికి పెద్ద చరిత్రే ఉంది.

ఇంగ్లండు రాజుగారి ఇంటికి వెళ్ళిన సామాను మన ఉత్తరాంధ్రలో తయారైందని తెలుసా?

ఈస్టిండియా కంపెనీ దొరలు 18వ శతాబ్దంలో ఇంగ్లండుకు పట్టుకుపోయిన అతి ఖరీదైన చెక్క సామానులో విశాఖపట్నం బీరువాలు ఉన్నాయి. కింద సొరుగులు, మధ్యలో వాలుగా తెరుచుకుని రాతబల్లగా మారే పలక, పైన పుస్తకాలకు అరలు. నమూనా ఇంగ్లీషువాళ్ళది, చేతులు మన కంసాలులవి. జిట్రేగి, ఎబొనీ లాంటి నల్లకర్రల్లో ఏనుగు దంతాన్ని పొదిగేవారు. ఆ దంతం మీద సన్నటి గీతలు చెక్కి, గీతల్లో నల్ల లక్క నింపేవారు. అంచుల్లో పూలతీగలు చూస్తే ఈ తీరంలో తయారైన అద్దకం బట్టలు గుర్తొస్తాయి. 1756లో విశాఖపట్నం చూసిన మేజర్ జాన్ కార్నేల్ అనే సైనికాధికారి ఈ పొదుగుపనిని ప్రత్యేకంగా మెచ్చుకుంటూ రాసుకున్నాడు. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ వించ్ దగ్గర ఈ దంతపు సామాను ఉండేది. ఆయన చనిపోయాక 1781లో జరిగిన అమ్మకంలో మూడో జార్జి రాజు దాన్ని కొని రాణి షార్లెట్‌కి ఇచ్చాడు. అది ఇప్పటికీ బ్రిటిష్ రాజకుటుంబం సేకరణలో ఉంది.

ఇంత గొప్ప పని మన ఉత్తరాంధ్రలోనే జరిగిందని గర్వపడదాం. కొనే ఆలోచన మాత్రం వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో తెచ్చిన సవరణతో మన దేశంలో ఏనుగు దంతం వ్యాపారం ఆగిపోయింది. తర్వాత ఆఫ్రికా దంతానికీ అదే నిషేధం వర్తించింది. దంతం పొదిగిన పాత బీరువా ఉంది, చవగ్గా ఇప్పిస్తానని ఎవరైనా అంటే ఆ మాట అక్కడే ఆపేయండి. అవి మ్యూజియంలో చూడవలసినవి. మన చేతికి అందేవి వేరే ఉన్నాయి. జమీందారీ కచేరీలకో, ప్లీడరుగారి గదికో, బడిపంతులు ఇంటికో ఊరి వడ్రంగి చేసిపెట్టిన సాదా అద్దాల బీరువాలు. నా దృష్టిలో పుస్తకాలకు అవే మేలు.

బొబ్బిలి వీణకీ ఉద్దానం బీరువాకీ చెక్క ఒకటే కావచ్చు

ఉద్దానం అంటే కొబ్బరి, జీడి, పనస. పనస అనగానే మనకు తొనలు, పనసపొట్టు కూర గుర్తొస్తాయి గానీ వడ్రంగికి గుర్తొచ్చేది దాని చేవ. ఒకే దుంగను తొలిచి చేసే బొబ్బిలి వీణకు వాడేది పనస కర్రే. భౌగోళిక గుర్తింపు కూడా పొందిన వీణ అది. తేలిక, గట్టితనం, వంకర పోని గుణం, చెదను తట్టుకునే శక్తి వీణకు ఎంత అవసరమో పుస్తకాల అరకూ అంతే అవసరం.

పనస చేవలో పసుపుపచ్చ రంగు పదార్థం ఉంటుంది. బర్మా, థాయిలాండ్ లాంటి దేశాల్లో బౌద్ధ భిక్షువుల వస్త్రాలకు కాషాయం రంగు వేయడానికి తరతరాలుగా పనస చెక్క పేళ్ళను నీళ్ళలో మరిగించి వాడారు. బీరువా కొనేవాళ్ళకి ఈ సంగతి ఎలా పనికొస్తుందంటారా? పనస చెక్క కొత్తలో పచ్చగా ఉండి, వెలుగు తగిలిన కొద్దీ ముదురు గోధుమరంగుకి తిరుగుతుంది. అరవై డెబ్భై ఏళ్ళ పనస బీరువాను బయటినుంచి చూసి చాలామంది టేకు అనుకుంటారు. అమ్మేవాళ్ళు కూడా అలాగే చెబుతారు. ఒక సొరుగు పూర్తిగా బయటికి లాగి, వెలుగు ఎప్పుడూ తగలని లోపలి భాగం చూడండి. అక్కడ పసుపు ఛాయ కనిపిస్తే అది పనస. కనిపించిందని నిరాశపడకండి. మన తీరానికి పనస ఏమాత్రం తక్కువ చెక్క కాదు. పైగా టేకు ధర పెట్టనక్కర్లేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. తాతల నాటి పనస చెట్లు, కొబ్బరి, జీడి తోటలకు తోటలే ఒక్క రాత్రిలో ఒరిగిపోయాయి. అంత లావు పనస మాను మళ్ళీ పెరగాలంటే ఒక తరం పడుతుంది. ఉద్దానంలో ఏ ఇంట్లోనైనా ఇప్పటికే ఉన్న పనస బీరువాని పాతబడిందని వంటచెరుకుకింద వేసేస్తే నాకు మనసు కలుక్కుమంటుంది. ఆ వెడల్పు పలక ఇప్పుడు డబ్బు పెట్టినా సులువుగా దొరకదు.

పాత చెక్కతో ఇంకో లాభం ఉంది. సరిగా ఆరని పచ్చి కర్రతో చేసిన కొత్త బీరువా తలుపులు ఏడాది తిరిగేసరికి వంకర పోతాయి, పలకల మధ్య సందులు తేలతాయి. యాభై వర్షాకాలాలు, యాభై ఎండాకాలాలు చూసిన చెక్క తగ్గవలసినంతా ఎప్పుడో తగ్గిపోయింది. కొత్త కర్రలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరి కాగితాన్ని పసుపుపచ్చగా, పెళుసుగా చేస్తుంది. చెక్క ముదిరిన కొద్దీ ఆ ఆవిరి తగ్గుతుంది.

"ఇది బర్మా టేకండీ"

పాత సామాను అమ్మే ప్రతి చోటా వినిపించే మాట ఇది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం ఇక్కడ అక్షరాలా జరుగుతుంది. అయితే ఈ తీరంలో ఆ మాట నిజమయ్యే అవకాశమూ బాగానే ఉంది. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం. బారువ, కళింగపట్నం అప్పట్లో ఓడలు ఆగే రేవులు. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వేలకు వేల మంది కూలికి రంగూన్ వెళ్ళారు. అక్కడి రేవులో మూటలు మోసినవాళ్ళలో, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్ళలో మన తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో ఉండేవారు. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు ఎందరో అడవుల వెంబడి నడిచి తిరిగొచ్చారు. తాతో ముత్తాతో రంగూన్లో గడిపిన కుటుంబాలు ఈ వైపు ఎన్నో. ఆ రోజుల్లో మన దేశానికి ఓడల మీద బర్మా టేకు దండిగా వచ్చేది.

బర్మా అడవుల్లో టేకు చెట్టును వెంటనే నరికేవారు కాదు. ముందుగా మాను చుట్టూ బెరడునీ, దాని కింద ఉన్న తెల్ల చెక్కనీ గుండ్రంగా కోసి వదిలేసేవారు. చెట్టు నిలువునా ఎండిపోతుంది. రెండు మూడేళ్ళ తర్వాత నరికేవారు. ఎందుకంటే పచ్చి టేకు దుంగ నీటిలో సరిగా తేలదు. ఎండిన దుంగను ఏనుగులు వాగులోకి తోస్తే, వర్షాకాలపు నీరు దాన్ని ఇరావతి వెంట రంగూన్ దాకా చేర్చేది. పాత బర్మా టేకు అంత స్థిరంగా ఉండటానికి ఇలా నిలువునా ఎండడం కూడా ఒక కారణం.

మరి గుర్తుపట్టడం ఎలా? టేకులో సహజంగా నూనె ఉంటుంది. పాలిష్ లేని చోట చేత్తో రాస్తే కొంచెం జిడ్డుగా తగులుతుంది. లోపలి మూల ఒకచోట గరుకు కాగితంతో కాస్త రుద్ది వాసన చూస్తే తోలు వాసనలాంటిది వస్తుంది. పలక కొసను చూస్తే వలయాలు స్పష్టంగా కనిపిస్తాయి. టెక్టోక్వినోన్ అనే పదార్థం వల్ల చెదకు టేకు రుచించదు. ఒక ముఖ్యమైన సంగతి చాలామంది మరచిపోతారు. ఈ రక్షణ అంతా చేవకే గానీ చుట్టూ ఉండే తెల్ల చెక్కకు లేదు. తెల్ల చారలున్న టేకు పలకను పురుగు సునాయాసంగా తింటుంది. బర్మా టేకా, మన్యం టేకా అనే వాదన కంటే అందులో చేవ ఎంత ఉందన్నదే పెద్ద ప్రశ్న.

ఆ చెక్క ఏ అడవిదో, ఆ అడవి ఎవరిదో

బర్మా కర్ర కాకపోతే, మందస వెనక మహేంద్రగిరి వైపు కొండల అడవుల నుంచి వచ్చిన కర్ర కావచ్చు. జమీందారీ రోజుల్లో ఆ అడవుల మీద పెత్తనం జమీందారులదే. పొయ్యిలోకి కట్టెలకీ, నాగలికీ, ఇంటి వాసాలకీ రైతు డబ్బు కట్టాలి, అనుమతి తెచ్చుకోవాలి. ఆ రోజుల్లోనే, 1940 మార్చి 26, 27 తేదీల్లో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. దానికి అధ్యక్షుడిగా ఎన్నికైన రాహుల్ సాంకృత్యాయన్ సభకు రాకముందే అరెస్టయ్యారు. టిబెట్ వెళ్ళి, శతాబ్దాల నాటి బౌద్ధ గ్రంథాల ప్రతుల్ని కంచర గాడిదల మీద మోయించుకుని తెచ్చి పాట్నాలో భద్రపరిచిన మనిషి ఆయన. అంతటి గ్రంథప్రేమి పేరు పలాస చరిత్రలో రైతుల మహాసభ ద్వారా నిలిచింది.

సభ ముగిసిన కొద్ది రోజులకే మందస జమీందారీలో రైతులు అడవికి వెళ్ళి కర్ర కొట్టారు. అరెస్టులకు పోలీసులు గుడారి రాజమణిపురం వచ్చినప్పుడు ఊరు ఎదురు తిరిగింది. 1940 ఏప్రిల్ 1న జరిగిన కాల్పుల్లో ససుమాన గున్నమ్మతో పాటు మరికొందరు చనిపోయారు. ఆమె అప్పటికి గర్భవతి. జనం వీర గున్నమ్మగా గుర్తుంచుకున్నది ఆమెనే. తర్వాత 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి.

కచేరీలు మూతపడ్డాక అక్కడి బల్లలు, బీరువాలు చేతులు మారాయి. అలా వచ్చిన బీరువా మీకు ఎదురైతే, కొనే ముందు అది ఏ ఇంటిదో, ఎవరు చేయించారో, ఏ వడ్రంగి చేశాడో అడిగి ఒక కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం సొరుగులోనే ఉంచండి. పాత వస్తువుకు ధర పెరిగేది ఇలాంటి వివరంతోనే. ధర సంగతి పక్కన పెట్టినా, ఆ కర్ర కోసం ఎవరు ఏం పోగొట్టుకున్నారో తెలిసి ఉండటం మనకు మర్యాద.

ఎన్నేళ్ళయితే పురావస్తువు?

1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం కనీసం నూరేళ్ళు దాటిన పనితనం గల వస్తువు పురావస్తువు కిందికి వస్తుంది. రాతప్రతులకైతే 75 ఏళ్ళు చాలు. సొంతంగా ఎవరూ వాటిని దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న పిల్లల ఇంటికి ముత్తాతగారి బీరువా పంపుదామనుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. జిట్రేగి కర్రదైతే మరో చిక్కు. ఆ జాతి కర్రలన్నిటికీ 2017 నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఉంది. పాత బీరువా అడుగు సొరుగులో తాటాకుల కట్ట దొరికితే, బీరువా కంటే దాని విలువే ఎక్కువ కావచ్చు. దాన్ని ఎండలో పెట్టకండి, నూనె పూయకండి. పాత ప్రతుల సంగతి తెలిసినవారికి చూపించండి.

వయసు చెప్పే చిన్న చిన్న సాక్ష్యాలు

అమ్మేవాడు వందేళ్ళంటాడు. బీరువా ఏమంటుందో చూడాలి.

స్క్రూ తల మీద ప్లస్ గుర్తు ఉంటే అది 1930ల తర్వాతిది. ఆ రకం స్క్రూకి అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ పేటెంట్లు పొందింది 1936లో. ఒక్క స్క్రూ మాత్రమే అలా ఉంటే మరమ్మతులో మార్చి ఉంటారు. అన్నీ అలాగే ఉంటే బీరువా వయసు మీద ఆశ వదులుకోవాలి. ఒకే గీత ఉన్న స్క్రూల్లో, ఆ గీత తలకి సరిగ్గా మధ్యలో లేకుండా పక్కకి జరిగి, కొన మొద్దుగా ఉంటే అది చేత్తో చేసిన చాలా పాతది.

బీరువా వెనక్కి వెళ్ళి చూడండి. కనిపించని చోట వడ్రంగి చిత్రిక పట్టడు గనుక రంపం గీతలు అలాగే ఉంటాయి. ఇద్దరు మనుషులు పైనా కిందా నిలబడి లాగిన రంపానికి గీతలు నిటారుగా, ఎడం ఒక్కలా లేకుండా ఉంటాయి. మిల్లులోని గుండ్రటి రంపానికి వంపు గీతలు పడతాయి. వెనక పలక ప్లైవుడ్ అయితే వందేళ్ళ మాట నమ్మక్కర్లేదు, కనీసం ఆ పలక వరకు.

సొరుగు మూలల్లో పావురం తోక ఆకారంలో ఒకదానిలో ఒకటి ఇమిడిన అతుకులు చూడండి. చేత్తో కోసినవైతే ఒక్కోటి ఒక్కో కొలతలో ఉంటుంది. అన్నీ అచ్చు గుద్దినట్టుంటే యంత్రం పని. తలుపు అద్దంలోంచి ఎదురుగా ఉన్న కిటికీ ఊచను చూస్తూ తల కొంచెం కదిలించండి. ఊచ అలలు పోయినట్టు కనిపిస్తే పాత అద్దం. కరిగిన తగరం మీద అద్దాన్ని పరిచి నున్నగా చేసే పద్ధతిని ఇంగ్లండులో పిల్కింగ్టన్ కంపెనీ తెచ్చింది 1950ల్లో. ఆ అలల అద్దం పగిలితే మళ్ళీ దొరకదు. మోయించేటప్పుడు తలుపులు ఊడదీసి విడిగా తీసుకెళ్ళండి.

పొడవు రెండింతలైతే వంపు పదహారింతలు!

అరచెక్క మీద పుస్తకాల బరువు సమంగా పరుచుకున్నప్పుడు, ఆధారానికీ ఆధారానికీ మధ్య దూరం రెండింతలైతే మధ్యలో వంపు పదహారింతలవుతుంది. చెక్క మందం రెండింతలు చేస్తే అదే వంపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఇది ఇంజనీర్లు దూలాలకు వేసే లెక్కే. మూడడుగుల అర నిండా పుస్తకాలు పెడితే సుమారు 25 కిలోలు దాటుతుంది. నాలుగడుగుల పొడవున మధ్యలో ఆధారం లేని పాత అర చూడటానికి ఠీవిగా ఉంటుంది గానీ, మహాభారతం సంపుటాలు వరసగా పెట్టిన ఏడాదికే కుంగుతుంది. అప్పటికే కుంగిన అరను తిరగేసి బిగిస్తే కొన్నాళ్ళు పనిచేస్తుంది. మధ్యలో నిలువు చెక్క ఉన్న బీరువా దొరికితే వదలకండి.

లోతు ఎంత ఉందో కొలిచారా?

పాత బీరువాల్లో ఎక్కువ భాగం బట్టల కోసం చేసినవి. లోతు అడుగున్నర పైనే. అందులో పుస్తకాలు రెండు వరసలు పెట్టక తప్పదు, వెనక వరస సంగతి మనమే మరచిపోతాం. చెద, బూజు మొదలయ్యేది అక్కడే. మామూలు తెలుగు నవలలకు తొమ్మిది పది అంగుళాల లోతు సరిపోతుంది. 1924లో మొదలైన భారతి మాసపత్రిక పాత సంచికలు బైండు చేయించి ఉంచుకున్నవాళ్ళు, పెద్ద నిఘంటువులున్నవాళ్ళు మాత్రం కింది అర ఒకటి ఎత్తుగా ఉందో లేదో చూసుకోవాలి. అర ఎత్తు మార్చుకునేందుకు లోపలి పక్కల్లో గాట్లున్న చెక్కలు బిగించి ఉంటే, అది పుస్తకాల కోసమే చేయించిన బీరువా.

అద్దాల తలుపులు ఎవరి ఆలోచన?

ఇప్పటికీ నిలిచి ఉన్న తొలి అద్దాల పుస్తకాల బీరువాలు శామ్యూల్ పీప్స్ అనే ఆయనవి. ఇంగ్లండు నౌకాదళం కార్యాలయంలో పెద్ద ఉద్యోగి. 1666లో నౌకానిర్మాణ కేంద్రంలో పనిచేసే సింప్సన్ అనే వడ్రంగి చేత మొదటివి చేయించుకున్నాడు. క్రమంగా అవి 12 అయ్యాయి. ఆయన 3000 పుస్తకాలతో సహా కేంబ్రిడ్జిలోని మాడ్లెన్ కాలేజీలో ఉన్నాయి. ఓడలకు పనిచేసిన చెయ్యి పుస్తకాలకు చేసిన సామాను మూడున్నర శతాబ్దాలు నిలిచింది.

మన తీరంలో అద్దాల తలుపు దుమ్మునీ, బొద్దింకల్నీ, ఉప్పుగాలినీ కొంత ఆపుతుంది. చెమ్మను మాత్రం ఆపలేదు. గాలిలో తేమ 65 శాతం దాటి నిలబడితే బూజుకి అనువు. ఇక్కడ చాలా నెలలు అంతకంటే ఎక్కువే. అందుకని బీరువాను బయటి గోడకి ఆనించకుండా మూడు నాలుగు అంగుళాలు ఎడంగా పెట్టండి. అరకీ వెనక పలకకీ మధ్య కొంచెం సందు ఉండాలి. మార్గశిరం, పుష్యం నెలల్లో పొడిగాలి వీచే మధ్యాహ్నాలు తలుపులు తెరిచి ఉంచండి. ముసురు పట్టిన రోజున తెరవకండి.

చెదకి టెక్కలి రాయి, పురుగుకి సూది

టెక్కలి నీలి గ్రానైటు దేశదేశాలకు వెళ్తుంది. ముక్కలు మాత్రం ఇక్కడే మిగులుతాయి. బీరువా కాళ్ళ కింద నాలుగు నున్నటి గ్రానైటు ముక్కలు పెడితే నేల చెమ్మ చెక్కకి ఎక్కదు. చెద రాతి మీదుగా కూడా మట్టి గూడు కట్టుకుంటూ ఎక్కగలదు. తేడా ఏమిటంటే నున్నటి రాతి మీద ఆ మట్టి గీత మన కంటికి కనిపిస్తుంది. చూసిన రోజే తుడిచేయవచ్చు.

చెక్కలోపల ఉండే పురుగు ఇంకో రకం. కొనే ముందు బీరువాను కాస్త జరిపి కింద నేల చూడండి. మైదా లాంటి సన్నటి పొడి రాలి ఉంటే లోపల పురుగు ఇంకా బతికే ఉంది. చిన్న చిల్లులుండి పొడి లేకపోతే అది పాత సంగతి కావచ్చు. కాళ్ళ అడుగున, వెనక మూలల్లో సూదితో గుచ్చండి. గట్టి చేవలో సూది దిగదు. వేలితో తట్టినప్పుడు ఒకచోట బోలు చప్పుడు వస్తే అక్కడ మళ్ళీ గుచ్చి చూడండి.

పలాస అనగానే జీడిపప్పు. పోర్చుగీసువాళ్ళు 16వ శతాబ్దంలో బ్రెజిల్ నుంచి తెచ్చిన చెట్టు ఇది. గింజ తొక్కలో ఉండే నల్లటి నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. కర్రను పురుగు నుంచి కాపాడటానికి చాలా తీరాల్లో పడవలకు దాన్ని పూశారు. అది విని బీరువాకి పూద్దామని మాత్రం అనుకోకండి. చేతులు బొబ్బలెక్కుతాయి, పుస్తకాల అట్టలకు మరకలు అంటుకుని ఎప్పటికీ పోవు. పుస్తకాల మధ్య వేపాకు, వసకొమ్ము పెట్టడం తాటాకు గ్రంథాలు దాచిన మన పెద్దల పద్ధతి. అది చాలు. ఆకు ఎండి పొడయ్యేలోపు మార్చాలి.

ఉప్పుగాలిలో ఇనుము

గోద్రెజ్ కంపెనీ 1923లో ఇనుప బీరువాలు చేయడం మొదలుపెట్టింది. ఇనుము తినలేని చెదకి అవి మంచి జవాబే. కానీ సముద్రానికి దగ్గరి ఊళ్ళలో రంగు లేచిన చోటల్లా తుప్పు పట్టి, ఆ మరక పుస్తకం అడుగుకి అంటుతుంది. చెక్క బీరువాలోనూ బందులు, గడియలు, తాళం ఇనుమువైతే అదే కథ. ఇత్తడివి ఉన్నదాన్ని ఎంచుకోండి. ఒక పిడి పోయిందని నాలుగూ మార్చేయకండి. ఇత్తడి, కంచు పనికి పేరున్న బుడితి మన జిల్లాలోనే ఉంది. ఉన్నదాన్ని నమూనాగా చూపిస్తే అచ్చు అలాంటిదే పోత పోయించుకునే వీలుంటుంది.

రంగు గీకే ముందు ఆగండి

పాత బీరువాకి పచ్చరంగో, నీలిరంగో వేసి ఉంటే గరుకు కాగితం పట్టడం ప్రమాదం. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసాన్ని 90 పీపీఎం దాటనివ్వని నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందటి రంగుల్లో సీసం ఎక్కువగా ఉండేది. ఆ దుమ్ము పసిపిల్లలకు ముఖ్యంగా చేటు. సొరుగుల్లో తెల్లటి పొడి కనిపించినా చేత్తో తుడవకండి. వెనకటి రోజుల్లో పుస్తకాల మధ్య గమాక్సిన్, డీడీటీ చల్లేవారు. మాస్కు కట్టుకుని తడిగుడ్డతో తీసి, ఆ గుడ్డ పారేయండి.

అసలు పాలిష్ లక్కది అయితే అది సంపదే. ఎవరికీ కనిపించని మూల ఒక చుక్క స్పిరిట్ వేసి దూదితో అద్దండి. పాలిష్ కరిగి దూదికి అంటుకుంటే అది లక్క. పూర్తిగా గీకి మెలమైన్ మెరుపు వేయించడం కంటే, తెలిసిన వడ్రంగి చేత అదే లక్కని పలచగా మళ్ళీ పట్టించడం మేలు. ఆ ముదురు రంగు రావడానికి యాభై ఏళ్ళు పట్టింది. గీకడానికి ఒక పూట చాలు.

మెట్లెక్కుతుందా?

ముందు మీ వీధి తలుపు, మెట్ల మలుపు కొలవండి. పలాస–కాశీబుగ్గలో సన్నటి మెట్ల పైన రెండో అంతస్తులో ఉండేవాళ్ళు, విడదీయగలిగే బీరువానే చూసుకోవాలి. పాత వడ్రంగులు మేకులు లేకుండా కొయ్య చీలలు దిగగొట్టి బిగించేవారు. ఆ చీలలు తట్టి తీస్తే బీరువా పలకలు పలకలుగా విడిపోతుంది, తర్వాత మళ్ళీ అతుకుతుంది. అమెరికాలో 19వ శతాబ్దం చివర గ్లోబ్ వెర్నికే కంపెనీ ఒక్కో అరను విడి పెట్టెగా, పైకెత్తి లోపలికి తోసే అద్దం తలుపుతో చేసి, ఒకదాని మీద ఒకటి పేర్చుకునేలా అమ్మింది. ప్లీడర్లు ఎక్కువగా వాడేది ఆ రకమే. దానికి చాలా ముందే, 1815లో మాజీ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ తన 6,487 పుస్తకాలను అమెరికా కాంగ్రెస్‌కి అమ్మినప్పుడు అరలే పెట్టెలయ్యాయి. ముందు వైపు పలకలు కొట్టి, పుస్తకాలు తీయకుండానే బండ్లెక్కించారు.

తుపాను హెచ్చరిక వచ్చిన రోజున

కిటికీకి ఎదురుగా బీరువా ఉంచవద్దు. పై అరల్లో బరువైన సంపుటాలు ఉంటే అవి ముందే కిందికి దించాలి. కానీ నీరు లోపలికి వచ్చే లోతట్టు ఇల్లయితే అడుగు అర ఖాళీ చేయాలి. ఎత్తైన బీరువాను పైన వెనక వైపు ఒక ఎల్ ఆకారపు ఇత్తడి పట్టీతో గోడకు బిగించి ఉంచితే, పిల్లలు ఎక్కినా ముందుకి ఒరగదు. చెక్కకి ఒక చిన్న చిల్లు పడుతుంది, పడనివ్వండి.

తడిసిన తర్వాత చెక్క ఉబ్బి తలుపులు బిగుసుకుంటాయి. బలవంతంగా లాగితే అద్దం పగులుతుంది, లేదా బందు ఊడుతుంది. బందుల స్క్రూలు విప్పి తలుపునే తీయండి. పుస్తకాలు రెండు రోజుల్లో ఆరకపోతే బూజు మొదలవుతుంది. వాటిని ఎండలో పెట్టకుండా నీడలో, ఫ్యాను గాలికి, పుటల మధ్య తెల్ల కాగితాలు పెట్టి నిలబెట్టాలి. అన్నిటికీ ఒకేసారి వీలు కాకపోతే ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, తీరిక చిక్కాక కొన్ని కొన్నిగా ఆరబెట్టుకోవచ్చు. చెక్క బీరువాని కూడా నీడలోనే, సొరుగులన్నీ బయటికి తీసి, నిదానంగా ఆరనివ్వాలి. లక్క పాలిష్ తెల్లగా పాలిపోతే భయపడనక్కర్లేదు. చెమ్మ పూర్తిగా పోయాక స్పిరిట్ అద్దిన మెత్తటి గుడ్డతో పైపైన తుడిస్తే చాలావరకు అసలు రంగు తిరిగి వస్తుంది.